తైపే డోమ్‌లో క్వాలిఫయర్లు: డబ్బు సీటుకి పెట్టండి, గదికి కాదు

2024 నవంబర్‌లో టోక్యోలో జపాన్‌ని 4-0తో ఓడించి ప్రీమియర్12 అనే అంతర్జాతీయ బేస్‌బాల్ కప్పు కొట్టింది తైవాన్. అదే జట్టు మూడు నెలలు తిరక్కుండా వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌ (బేస్‌బాల్‌కి ప్రపంచకప్ లాంటిది)లో చోటు కోసం క్వాలిఫయర్ ఆడాల్సి వచ్చింది. దానికి కారణం 2023 క్లాసిక్‌లో తైచుంగ్‌లో ఆడిన గ్రూపు. అందులో ఐదు జట్లూ రెండేసి గెలిచి రెండేసి ఓడాయి. ఇచ్చిన పరుగుల లెక్క తీస్తే తైవాన్ అడుక్కి పోయింది. ఐపీఎల్‌లో నెట్ రన్ రేట్ దెబ్బకి ఇంటికెళ్లిన జట్లని చూసిన మనకి ఆ బాధ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

అందుకే 2025 ఫిబ్రవరిలో తైపేలో, పైకప్పున్న డోమ్ స్టేడియంలో జరిగిన ఈ క్వాలిఫయర్లకి అంత హడావిడి. తైవాన్, స్పెయిన్, నికరాగ్వా, దక్షిణాఫ్రికా ఒకదానితో ఒకటి ఆడాయి. రూలు ప్రకారం మొదటి స్థానం వచ్చిన జట్టు నేరుగా క్లాసిక్‌కి వెళ్తుంది, రెండు, మూడు స్థానాల జట్లు మిగిలిన ఒక్క బెర్తు కోసం మళ్లీ తలపడతాయి. శుక్రవారం మొదటి మ్యాచ్‌లోనే స్పెయిన్ 12-5తో తైవాన్‌ని చితక్కొట్టింది. స్పెయిన్ అంటే యూరప్ జట్టే కదా అనుకోకండి, వాళ్లలో క్యూబా, వెనెజువెలాల్లో పుట్టినవాళ్లు చాలామంది.

మేముండేది షిన్చులో. చిప్ కంపెనీలు, యూనివర్సిటీలు ఉన్న ఊరు కాబట్టి తెలుగువాళ్లకి కొదవ లేదు. అక్కణ్నుంచి తైపేకి హైస్పీడ్ రైలు 290 తైవాన్ డాలర్లు, అరగంట పైచిలుకు ప్రయాణం. మామూలు రైలు ఇంకా చవకే కానీ గంట దాటుతుంది. పైగా హైస్పీడ్ స్టేషన్ ఊరికి దూరంగా ఉంటుంది కాబట్టి, సిటీ మధ్యలో ఉండేవాళ్లకి కలిసొచ్చే టైమ్ అనుకున్నంత ఉండదు. వెళ్లేటప్పుడు మామూలు రైలు, రాత్రి తిరిగొచ్చేటప్పుడు హైస్పీడ్ అయితే బాగుంటుంది.

టికెట్ల దగ్గర మాత్రం విసుగొచ్చింది. వెబ్‌సైట్ ఇండియా కార్డు తీసుకోలేదు. చివరికి వీధి చివర కన్వీనియన్స్ స్టోర్లో ఉండే మెషీన్ దగ్గరికెళ్తే, స్క్రీన్ మొత్తం చైనీసే. కౌంటర్లో అమ్మాయి బిల్లింగ్ పని ఆపి వచ్చి, నొక్కాల్సినవన్నీ తనే నొక్కి టికెట్ చేతిలో పెట్టింది. ఆ సర్వీసుకి పది మార్కులు, వెబ్‌సైట్‌కి సున్నా.

బస విషయానికొస్తే, డోమ్ ఉన్న షిన్యీ వైపు హోటళ్లు ఖరీదు. మేం షిమెన్‌డింగ్‌లో దిగాం. షిమెన్ నుంచి బ్లూ లైన్లో ఎక్కితే ఆరో స్టేషన్, సన్ యట్-సెన్ మెమోరియల్ హాల్. దాని పక్కనే డోమ్. గది శుభ్రంగా ఉంది గానీ కిటికీ లేదు. తైపేలో చవక గదులకి ఇది మామూలే, బుక్ చేసేటప్పుడు ‘విండో’ అన్న మాట ఉందో లేదో చూసుకోండి. రాత్రి పొద్దుపోయేదాకా వీధిలో గోల. నిద్ర ముఖ్యం అనుకుంటే సోంగ్‌షాన్ స్టేషన్ వైపు చూడండి, రావ్‌హే నైట్ మార్కెట్ కూడా నడిచే దూరమే.

డోమ్ 2023 చివర్లో తెరిచారు, దాదాపు నలభై వేలమంది పడతారు. బయట ఫిబ్రవరి తుంపర, చలి. లోపల ఆ బెడదే లేదు. శనివారం దక్షిణాఫ్రికా మీద 9-1 గెలుపు చూశాం. ఒక్కో బ్యాటర్‌కి ఒక్కో పాట, డప్పులు, చీర్‌లీడర్లు. బోర్డు మీద జట్టు పేరు అంతర్జాతీయ పోటీల్లో వాడే ‘చైనీస్ తైపే’ అని ఉంటుంది, జనం నోట్లో మాత్రం ‘తైవాన్’ తప్ప ఇంకో మాట లేదు. అభిమానులు గుంపుగా కూర్చునే వైపు కాస్త ఎక్కువ పెట్టయినా కొనుక్కోండి. పైన దూరం సీట్లో కూర్చుంటే టీవీలో చూసినట్టే ఉంటుంది.

ఆదివారం నికరాగ్వా 6-0తో గెలిచి తన బెర్తు ఖాయం చేసుకుంది. పరుగులు రాకపోయినా తైవాన్ బ్యాటర్ దిగిన ప్రతిసారీ పాట మొదలే. “ఏమండీ, వీళ్లకి గొంతు నొప్పెట్టదా?” అంది మా ఆవిడ. తైవాన్ లేని మ్యాచ్‌కి కూడా వెళ్లాం. సగానికి పైగా ఖాళీ, క్యాచర్ గ్లవ్‌లో బంతి పడే చప్పుడు కూడా వినిపించేంత. ఆట నేర్చుకోవాలనుకునేవాళ్లకి అదే మేలు.

మధ్యలో టైముంటే డోమ్ వెనకున్న సోంగ్‌షాన్ కల్చరల్ పార్కుకి వెళ్లండి. 1937 నాటి పొగాకు ఫ్యాక్టరీ అది, ఇప్పుడు ప్రదర్శనలు, పుస్తకాల షాపు. సన్ యట్-సెన్ హాల్ మేం వెళ్లినప్పుడు మరమ్మతుల కోసం మూసి ఉంది, తెరిచారో లేదో చూసుకుని టైమ్ పెట్టుకోండి.

శాకాహారులకి బౌద్ధుల హోటళ్లు దొరుకుతాయి, తూకం ప్రకారం డబ్బు. ఉల్లి, వెల్లుల్లి వెయ్యరు. రెండో పూటకే నాలుక మొరాయిస్తుంది, ఆవకాయ సీసా వెంట ఉంచుకోండి. కానీ మెట్రోలో మూత తీయొద్దు, అక్కడ తిన్నా తాగినా జరిమానా 7,500 తైవాన్ డాలర్ల దాకా ఉంది.

మంగళవారం ఆఫీసు నుంచి పరిగెత్తి మళ్లీ వెళ్లాను, ఈసారి ఒక్కణ్నే. స్పెయిన్‌తోనే చావోరేవో మ్యాచ్. టెన్షన్ అంటే ఆ రాత్రిది. 6-3తో తైవాన్ గెలిచి 2026 టోక్యో గ్రూపుకి వెళ్లింది. ఆట అయ్యాక జనమంతా తైపే మెయిన్ స్టేషన్ వైపు పోతారు. దక్షిణానికి వెళ్లేవాళ్లు ఎదురుదిక్కులో అదే బ్లూ లైన్ ఎక్కి నాన్‌గాంగ్‌లో దిగండి. హైస్పీడ్ రైలు బయల్దేరేది అక్కణ్నుంచే కాబట్టి రిజర్వేషన్ లేని పెట్టెల్లో కూడా కూర్చోడానికి చోటు దొరుకుతుంది.