దబ్బకాయలు ఆర్డర్ పెట్టేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో "పెరటి దబ్బకాయలు, ఇంటికే తెచ్చిస్తాం" అని ఒక మెసేజ్ తిరుగుతోంది కదా, ఫొటో చూసి పడిపోకండి. నేను పడ్డాను. కాయ 50 రూపాయలు, పది కాయలు, డబ్బులు ముందే ఫోన్‌లో కొట్టేశాను.

వచ్చిన పదింట్లో నాలుగు అసలు దబ్బకాయలే కావు, పచ్చి పంపర పనసకాయలు! మిగతా ఆరూ దబ్బకాయలే గానీ కోస్తే లోపలంతా బెండు, ఆరూ కలిపి పిండినా గ్లాసు రసం రాలేదు. మామూలుగా మా ఇంట్లో మంచి కాయ ఒక్కటుంటే అరకిలో బియ్యం పులిహోర పుల్లగా కలిసిపోతుంది.

ఫోన్ చేస్తే ఆయన సమాధానం వినండి: "ఇవి మాదీఫలం జాతి మేడమ్, రసం తక్కువే ఉంటుంది." మాదీఫలానికి తొక్క మందం, గుజ్జు తక్కువ, ఆ మాట నిజమే. మరి దబ్బకాయ అని ఎందుకు అమ్మినట్టు? పంపర పనస సంగతేంటి అంటే ఇక మాట్లాడలేదు. కోసిన కాయలు వెనక్కి తీసుకోరట, డబ్బులు ఇవ్వరట, బదులుగా పిండి ఉంచిన దబ్బరసం సీసా పంపించాడు. ఎప్పుడు పిండారో ఏమో, ఆ రసం పోసిన పులిహోర కాస్తా చేదు విషం. ఈ జాతి కాయల రసం పిండి ఉంచితే చేదెక్కుతుంది, అందుకే అమ్మ పోపు వేసి, అన్నం పళ్లెంలో ఆరాక, అప్పుడు కాయ కోసి పిండేది. అదీ గట్టిగా నలిపేసి కాదు, లోపలి తెల్ల తొక్క నలిగితే ఆ చేదూ దిగుతుంది.

తప్పు నాదీ ఉందిలెండి. సంచి విప్పగానే ఒక్కో కాయా చేతిలో పెట్టి చూసుకోవాల్సింది. కాయ సైజుకి తగ్గ బరువు లేదంటే బెండే. దబ్బకాయ తొక్క గరుగ్గా, బొడిపెలుగా ఉంటుంది, గోటితో గీరితే వాసన గుప్పుమంటుంది, పంపర పనస తొక్క నున్నగా ఉంటుంది. తెచ్చినవాణ్ణి నిలబెట్టి, వాడి ముందే ఒకటి కోయించండి, తర్వాతే డబ్బులు. కుదరదంటే వద్దనేయండి. నాలాగా అన్నీ ఒకేసారి తరిగేసి కూర్చోవద్దు.

ఆ తరిగిన ముక్కలు పారేయలేక ఉప్పు, పసుపు వేసి మూడు రోజులు ఊరబెట్టి చూశాను, రసమే లేకపోతే ఊట ఎక్కణ్ణుంచి వస్తుంది, జాడీ అడుగున ఉప్పు ఉప్పులాగే ఉంది.

మంగళగిరి, తాడేపల్లి వైపు ఎవరింట్లోనైనా చెట్టు ఉంటే చెప్పండి, నేనే వచ్చి కోసుకుంటాను, మజ్జిగలోకి నాలుగు ఆకులు కూడా ఇస్తే సంతోషం. గుంటూరు మిరపకాయలు తెప్పించి కారం ఆడించి, మెంతులు వేయించి పొడి కొట్టి పెట్టుకున్నాను, ఇంక కాయలే తక్కువ.