ట్రక్కుకి ఇంట్లోనే పాలిష్ కొట్టుకునే కిట్: ఎనిమిది నెలలు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఈ డబ్బాలో మిషన్ బంగారం, సీసాలు పర్లేదు, గుడ్డలు మాత్రం అవతల పారెయ్యాల్సినవే. ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఉన్నవాళ్ళకి మొత్తం చెప్తా, ఎందుకంటే నేను కొనేముందు చదివిన రివ్యూలన్నీ డబ్బా విప్పిన రోజే రాసినట్టున్నాయి, సూపర్ షైన్ అండీ అని ఐదు చుక్కలు పెట్టి వెళ్ళిపోయారు, ఆ షైన్ తర్వాత ఏమైందో ఒక్కళ్ళూ చెప్పలేదు.

నాది నల్ల పికప్ ట్రక్కు. షోరూంలో అద్దంలా ఉండి కొనిపించింది, రెండేళ్ళు తిరిగేసరికి ఎండలో నిలబెడితే బోనెట్ మీద సాలెగూడు పరిచినట్టు సన్న సన్న గీతలు, గుండ్రంగా తిరుగుతూ. ఎవరో గీకారేమో అని చాన్నాళ్ళు అందరినీ అనుమానించా. తీరా చూస్తే గీకింది నేనే, ప్రతి ఆదివారం, ఒక బకెట్ నీళ్ళూ ఒక స్పాంజీ పట్టుకుని, ఎంతో ప్రేమగా.

కిట్‌లో వచ్చినవి ఇవీ: ఒక డీఏ పాలిషర్, అంటే డ్యూయల్ యాక్షన్, మూడు ఫోమ్ ప్యాడ్లు, పెయింట్‌కి అంటుకున్న గరుకు తీసే క్లే ముద్ద, షాంపూ, కాంపౌండ్ అనే గరుకు పాలిష్, మెత్తటి ఫినిషింగ్ పాలిష్, పైన రక్షణ పొరలా పట్టే సెరామిక్ స్ప్రే, ఒక వాష్ గ్లవ్, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు. కంపెనీ పేరు వద్దులెండి, ఇలాంటి డబ్బాలు పది కంపెనీలవి ఉన్నాయి, లోపల సరుకు కూడా ఇంచుమించు ఇదే.

వాష్ సంగతి ముందు చెప్పాలి, అక్కడ తప్పితే మిషన్ ఎంత మంచిదైనా వేస్ట్. బండి రంగు మీద పారదర్శకంగా క్లియర్ కోట్ అని ఒక పొర ఉంటుంది కదా, అది మామూలుగా 40 నుంచి 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు), మన వెంట్రుక దానికంటే మందంగా ఉంటుంది. గీతలు పడేదీ దాని మీదే, పాలిష్ కొడితే అరిగేదీ అదే. దుమ్ము బండి మీద ఉండగానే గుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాయితంతో రుద్దినట్టే లెక్క. అందుకని ఇప్పుడు ముందు ప్రెషర్ వాషర్‌తో ఊరికే కడుగుతా, తెల్ల నాజిల్ పెట్టి, అది 40 డిగ్రీలు విచ్చుకుంటుంది, ఒక అడుగు దూరం నుంచి. ఎర్ర నాజిల్ జోలికి పోకండి, అది సూదిలా ఒకే ధార, రాయి తగిలి పెచ్చు లేచిన చోట ఆ ధార పడితే పక్కన పెయింట్ కూడా లేచిపోతుంది. తర్వాత నురగ కొట్టి ఐదు నిమిషాలు వదిలేసి, ఆరకముందే కడిగేసి, అప్పుడు చెయ్యి పెట్టడం. రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో వట్టి నీళ్ళు, గ్లవ్ ముందు వట్టి నీళ్ళలో జాడించి తర్వాతే షాంపూలో ముంచాలి. మొదటిసారి వట్టి నీళ్ళ బకెట్ అడుగున చేరిన మట్టి చూసి నాకు నిజంగానే బాధేసింది, ఇంతకాలం అదంతా మళ్ళీ బోనెట్ మీదే రుద్దానన్నమాట.

ట్రక్కుకి ఇంకో తలనొప్పి ఉంది, కింది సగం. తలుపుల కింద, చక్రాల తొర్రల చుట్టూ, టెయిల్‌గేట్ మీద మట్టీ తారు చుక్కలూ గడ్డ కట్టుకుపోయి ఉంటాయి. కాబట్టి పైనుంచి కిందికి రావాలి, కింది భాగానికి వేరే గ్లవ్, చక్రాలకి పూర్తిగా వేరే బకెట్. రూఫ్‌కి స్టూల్ తప్పదు, నేను మొదట్లో టైర్ మీద ఎక్కి అందుకునేవాణ్ణి, అప్పుడు బెల్టు బకిల్ తలుపుకి రాసుకుని పెట్టిన గీత ఇప్పటికీ ఉంది, దానికి ఏ పాలిషూ పనికిరాలేదు.

కిట్‌లో షాంపూ బావుంది. పీహెచ్ న్యూట్రల్, జారుడుగా ఉంటుంది, గ్లవ్ ఎక్కడా పట్టేసినట్టు అనిపించదు. గిన్నెలు తోమే సబ్బు వాడితే తప్పేంటని అడిగేవాళ్ళకి, బండి ఏం కరిగిపోదు గానీ పైన వేసిన వ్యాక్స్ దెబ్బతింటుంది, అంతే. గుడ్డల దగ్గర మాత్రం కక్కుర్తి పడ్డారు. పల్చగా ఉన్నాయి, అంచులకి గట్టి దారం కుట్టు ఉంది, ఆ కుట్టే గీతలు పెడుతుంది, నల్ల బండి మీద స్పష్టంగా కనపడింది. నాలుగూ చక్రాలకి కేటాయించేసి వేరేవి కొనుక్కున్నా, తుడవడానికి 1000 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు గ్రాముల్లో) పైన ఉన్న పెద్ద టవల్ ఒకటి, పాలిష్ తీయడానికి 350 జీఎస్ఎం కుట్టు లేనివి ఆరు. వీటిని ఉతికేటప్పుడు ఫాబ్రిక్ కండిషనర్ పోయకూడదు, పోగులు మూసుకుపోయి నీళ్ళు పీల్చడం మానేస్తాయి.

క్లే గురించి. కడిగి ఆరాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని బోనెట్ మీద మెల్లగా నిమరండి, కంటికి శుభ్రంగా కనిపించేది గరగరా తగులుతుంది. బ్రేకుల నుంచి ఎగిరిన ఇనుప రజను, చెట్ల జిగురు, ఇవన్నీ షాంపూకి రావు. ఇనుముకి ఐరన్ రిమూవర్ అని వేరే స్ప్రే ఉంటుంది, కిట్‌లో ఇవ్వలేదు, ఇవ్వాల్సింది. కొడితే ఇనుము ఉన్నచోటల్లా ఊదారంగులో కారుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది, వాసన మాత్రం కుళ్ళిన గుడ్డు. అది కడిగేశాక క్లే. నేను చేసిన వెధవ పని ఏంటంటే ముద్ద చెయ్యి జారి కింద పడింది, పైపైన దులిపి మళ్ళీ వాడా. ఎడమ తలుపు మీద చారలు చారలుగా గీతలు. కింద పడితే ఆ ముద్ద చెత్తబుట్టకే, ఇంకో ఆలోచన పెట్టుకోకండి. అందుకే ముందే నాలుగు ముక్కలు చేసుకుని ఒక్కోటీ తీసి వాడండి, పడినా పావు వంతే పోతుంది.

ఇక మిషన్. దీని గురించి రాద్దామనే కూర్చున్నా అసలు.

పాలిషర్ అనగానే నాకు భయం ఉండేది, పెయింట్ కాల్చేస్తానేమో అని. కాలేది ఎక్కువగా రోటరీ మిషన్‌తో, అది ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగి వేడి పుట్టిస్తుంది, అంచుల దగ్గర ఒక్క క్షణం ఎక్కువ ఆగితే క్లియర్ కోట్ మాయం. డీఏ అలా కాదు, ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, గట్టిగా నొక్కితే తిరగడం ఆపేసి ఊరికే వణుకుతుంది. అదే కొత్తవాళ్ళకి రక్ష. అయితే తిరగడం ఆగిందని మనకి తెలియాలి కదా, దానికి ప్యాడ్ అంటుకునే బ్యాకింగ్ ప్లేట్ పక్కన మార్కర్‌తో ఒక గీత గీసుకోండి, గీత తిరుగుతూ కనిపిస్తే పని జరుగుతోంది, నిలబడిపోతే చెయ్యి కాస్త తేలిక చెయ్యాలి. ఈ చిన్న కిటుకు మాన్యువల్‌లో ఎక్కడా లేదు, ఆ మాన్యువల్‌లో సగం పేజీలు నీళ్ళలో ముంచవద్దు అనే హెచ్చరికలే.

మొదలుపెట్టేముందు నల్ల ప్లాస్టిక్ పార్టులన్నిటికీ టేప్ వెయ్యండి. ట్రక్కుకి ఇవి ఎక్కువ, చక్రాల పైన గరుకు ప్లాస్టిక్, బంపర్, అద్దాల అడుగు. నేను బద్ధకించి వదిలేసినచోట తెల్లగా పాలిష్ మరకలు పట్టాయి, టూత్ బ్రష్షు పెట్టి గీకలేక చచ్చా.

తర్వాత రెండడుగుల చదరం ఒకటి ఎంచుకుని టెస్ట్ చేశా. మా బావ నేరుగా కాంపౌండ్‌తో దిగిపో అన్నాడు, నేను వినలేదు, మంచి పనైంది. ముందు మెత్తటి ప్యాడూ ఫినిషింగ్ పాలిషూ, దాంతో పోకపోతే మధ్యరకం ప్యాడ్, అప్పటికీ పోకపోతేనే కాంపౌండ్. నా బండికి మధ్యరకం ప్యాడ్‌తోనే నూటికి ఎనభై పాళ్ళు పోయాయి. మిగతావి లోతైనవి, గోరు పెట్టి గీస్తే గోరుకి తగిలే గీత పాలిష్‌కి పోదు, దాని వెంటపడితే చుట్టూ ఉన్న క్లియర్ కోట్ తరిగిపోవడం తప్ప లాభం లేదు. పాలిష్ గీతని పూడ్చదు, గీత అడుగు దాకా చుట్టుపక్కల పొరని అరగదీసి చదును చేస్తుంది, ఇది బుర్రకెక్కాక నా దురాశ చాలా తగ్గింది.

ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు పెట్టుకుని, తక్కువ స్పీడ్‌లో పులిమి, స్పీడ్ 4కో 5కో పెంచి నిలువుగా అడ్డంగా ఐదారుసార్లు, చాలా నెమ్మదిగా. చెయ్యి సెకనుకి అంగుళం వేగంతో కదలాలి. చెప్తే తేలికే, పది నిమిషాలకే విసుగొచ్చి చెయ్యి దానంతటదే స్పీడ్ పెంచేస్తుంది. ప్రతి ప్యానెల్ తర్వాత ప్యాడ్‌ని బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి, లేకపోతే ఎండిన పాలిష్ పొడి గడ్డలు కట్టి అదే మళ్ళీ గీస్తుంది. బండి మొత్తానికి నాకు రెండు వారాంతాల్లో పద్నాలుగు గంటలు పట్టింది, కారుకైతే ఇందులో సగమేమో. వెనక తొట్టి లోపల ముట్టుకోలేదు, సామాన్లు పడేచోట పాలిష్ కొట్టడం నాకైతే పిచ్చిపనిలా అనిపిస్తుంది, అక్కడ లైనర్ వేయించుకుంటే సరి.

మిషన్‌లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. 15 మిల్లీమీటర్ల ఊపు, ఐదంగుళాల ప్లేటు, బోనెట్ రూఫ్ లాంటి మైదానాల మీద రాజులా పోతుంది గానీ హ్యాండిళ్ళ చుట్టూ, కిటికీల మధ్య సన్నటి స్తంభాల మీద పట్టదు, అక్కడ మూడంగుళాల ప్యాడ్ కావాలి. వైరు పొట్టిది, ట్రక్కు చుట్టూ తిరగాలంటే ఎక్స్‌టెన్షన్ బాక్స్ తప్పదు, ఆ వైరు బండికి రాసుకోకుండా భుజం మీదుగా వేసుకోండి. గంట దాటితే వేళ్ళు జివ్వుమంటాయి. ఒక ప్యాడ్ వెల్క్రో రెండో రోజే వేడికి ఊడొచ్చింది, కంపెనీకి రాస్తే ఫోటో పంపమన్నారు, పంపా, ఇంకా చూస్తూనే ఉన్నారు.

అన్నీ అయ్యాక బండిని ఎండలోకి తీసి చూశా. సాలెగూడు లేదు. పావుగంట దాని చుట్టూ తిరిగా, పక్కింటాయన ఏమైనా పోయిందా అని అడిగాడు.

చివరిది సెరామిక్ స్ప్రే, డబ్బా మీద అన్నిటికంటే పెద్ద అక్షరాలు దీనివే. 9హెచ్ గట్టిదనం, రెండేళ్ళ రక్షణ అని. ఆ 9హెచ్ అనేది పెన్సిల్ టెస్ట్, అంటే 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడలేదని అర్థం, వజ్రాలనీ రాళ్ళనీ కొలిచే మోస్ స్కేల్ 9తో దానికి సంబంధం లేదు. రాయి తగిలితే పెచ్చు లేస్తుంది, చెట్టు కొమ్మ రాసుకుంటే గీత పడుతుంది. రాళ్ళ దెబ్బ తట్టుకోవాలంటే పీపీఎఫ్ అనే ఫిల్మ్ వేయించాలి, అది 150 నుంచి 200 మైక్రాన్లు ఉంటుంది, ఖర్చు వేరే లెవెల్.

స్ప్రే వేసేముందు పాలిష్ నూనె పూర్తిగా పోయేలా ప్యానెల్ వైప్ అనే జిడ్డు తీసే ద్రవంతో తుడవాలి, లేకపోతే పట్టదు. నేను మొదట బోనెట్ మొత్తానికి ఒకేసారి కొట్టేశా, ఈ చివర తుడిచేలోపు ఆ చివర ఆరిపోయి ఇంద్రధనుస్సు రంగుల్లో మచ్చలు, మళ్ళీ పాలిష్ పెట్టి తీయాల్సొచ్చింది. చిన్న చిన్న ముక్కలుగా, స్ప్రే గుడ్డ మీద కొట్టి, నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడు చెయ్యండి. తర్వాత ఒక రోజు నీళ్ళు తగలనివ్వకూడదు.

ఎనిమిది నెలలకి ఏమైందంటే, రూఫ్, బోనెట్ మీద నీళ్ళు ఇంకా ముత్యాల్లా దొర్లుతున్నాయి. తలుపుల కింది భాగంలో మూడో నెలకే చతికిలపడింది. పోయిందేమో అనుకున్నా గానీ ఐరన్ రిమూవర్ కొట్టి బాగా కడిగితే కొంత తిరిగొచ్చింది, అంటే పైన మురికి కప్పేసిందన్నమాట. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు, ఈ ముత్యాలు ఎండలో ఆరితే ఉప్పునీటి మరకలు గుండ్రంగా మిగులుతాయి, నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న చోట మరీ. సెరామిక్ వేస్తే తుడవక్కర్లేదు అనేది అబద్ధం, ఇంకా త్వరగా తుడవాలి. పక్షి రెట్ట కూడా అంతే, దాన్లో యాసిడ్ ఉంటుంది, ఎండలో గంటల తరబడి వదిలేస్తే కోటింగ్ ఉన్నా గుంట పడొచ్చు. అయితే మామూలు దుమ్ము మాత్రం గట్టిగా పట్టుకోవట్లేదు, వాష్ సగం టైంలో అయిపోతోంది, ఆ ఒక్కదానికే దీన్ని మళ్ళీ కొంటా. రెండేళ్ళు మాత్రం మర్చిపోండి, నా లెక్కలో ఆర్నెల్లకోసారి వేసుకోవాలి. కార్నూబా వ్యాక్స్ అయితే నెలా రెండు నెలలే.

మ్యాట్ పెయింట్ ఉన్నవాళ్ళు ఈ కిట్ ముట్టుకోవద్దు, పాలిష్ పెట్టినచోట మెరుపొచ్చి మచ్చలా మిగిలిపోతుంది, వెనక్కి తీసుకురాలేం. క్లియర్ కోట్ లేని పాతకాలం పెయింట్ అయితే ప్యాడ్‌కి రంగు అంటుతుంది, దానికి కంగారుపడొద్దు, మెత్తగా చేసుకోండి చాలు. తెల్ల బండి వాళ్ళకి గీతలు అసలు అంతగా కనపడవు, మీకు క్లే, స్ప్రే చాలు, మిషన్ ఎందుకు.

నాలుగు చుక్కలు ఇస్తున్నా, ఒకటి గుడ్డలకీ ఆ వెల్క్రోకీ కోసేశా. ఈసారి మిషన్ విడిగా, ప్యాడ్లు విడిగా కొనుక్కోవడమే బెటర్. షాంపూ అయిపోయింది, స్ప్రే అడుగంటింది, కాంపౌండ్ సీసా మాత్రం సీలు కూడా తీయలేదు, అలాగే పైన అరలో పెట్టేశా.