పాయింట్లతో బిజినెస్ క్లాస్: డాలస్–దోహా–హైదరాబాద్ దారిలో కొన్నేళ్ల అనుభవం

డాలస్ నుండి దోహాకు వెళ్లేటప్పుడు పద్నాలుగు గంటలు దాటుతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగాలి వల్ల పదహారు గంటలకు దగ్గరవుతుంది. దోహా నుండి శంషాబాద్‌కు మరో నాలుగు గంటలు. ఈ దారిలో కొన్నేళ్లుగా నేనూ, ఈమధ్య మా అమ్మానాన్నలూ ఖతార్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాస్‌లో, టికెట్టుకు డబ్బు పెట్టకుండా, అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి ఆడ్వాంటేజ్ మైళ్లతో (అంటే ఆ సంస్థ సభ్యత్వ ఖాతాలో పోగయ్యే పాయింట్లతో) తిరుగుతున్నాము. సీటు బాగుంటుందా అని అడిగేవారికి నా జవాబు ఒక్క మాటలో అయిపోతుంది, చాలా బాగుంటుంది. అది ఎవరికి, ఏ నెలలో, నిజంగా ఎంత ఖర్చుకు దొరుకుతుందన్నది మాత్రం ఒక్క మాటలో తేలదు కాబట్టి ముందుగా లెక్కతోనే మొదలుపెడతాను.

ఆడ్వాంటేజ్ పట్టిక ప్రకారం భారతదేశానికీ అమెరికాకూ మధ్య ఖతార్ లాంటి భాగస్వామ్య సంస్థల బిజినెస్ క్లాస్‌కు ఒక వైపు 70,000 మైళ్లు, ఎకానమీకి 40,000 మైళ్లు అవుతాయి. హైదరాబాద్–దోహా ముక్క కూడా అందులోనే కలిసి ఉంటుంది, దానికి వేరే మైళ్లు అక్కరలేదు. పన్నులు ఏ వైపు చూసినా నాకు వంద డాలర్లు దాటలేదు. ఇదే టికెట్టు డబ్బుతో కొనబోతే రానుపోను అయిదు వేల డాలర్లకు తక్కువ నేను ఎన్నడూ చూడలేదు. కనుక ఒక్కో మైలుకు మూడు సెంట్ల పైగా విలువ రాబట్టామని చాలామంది సంబరపడుతుంటారు. ఆ లెక్క నాకు రుచించదు. అయిదు వేలు పెట్టి బిజినెస్ టికెట్టు కొనే ఉద్దేశం నాకెప్పుడూ లేనప్పుడు, అంత మిగిల్చానని చెప్పుకోవడంలో అర్థం లేదు. నేను లెక్క వేసే తీరు వేరు. సిటీ బ్యాంకు క్రెడిట్ కార్డు వాడితే వచ్చే థాంక్యూ పాయింట్లను 2025 నుండి ఆడ్వాంటేజ్‌కు ఒకటికి ఒకటి చొప్పున మార్చుకోవచ్చు. అవే పాయింట్లను తగిన కార్డు ఉన్నవారు పాయింటుకు ఒక సెంటు చొప్పున డబ్బుగానూ తీసుకోవచ్చు. అంటే రానుపోను 1,40,000 పాయింట్లు వదులుకోవడం 1,400 డాలర్లు వదులుకోవడంతో సమానం. వేసవి సెలవుల్లోనూ డిసెంబరులోనూ ఎకానమీ టికెట్టే ఆ ధరకు అటూఇటూగా ఉంటుంది. ఆ రోజుల్లో సీటు దొరికితే బిజినెస్ క్లాస్ ఎకానమీ ధరకే వచ్చినట్టు. ఫిబ్రవరిలో ఎకానమీ ఎనిమిది, తొమ్మిది వందలకు దొరికినప్పుడు మాత్రం పడుకుని వెళ్లే సుఖానికి అదనంగా అయిదు వందల డాలర్లు పెడుతున్నామని తెలిసి పెట్టాలి. కార్డు బాకీ ఏ నెలకు ఆ నెల పూర్తిగా తీర్చలేనివారికి ఈ వ్యవహారమే వద్దు. ఇరవై శాతం దాటిన వడ్డీ ముందు ఏ పాయింట్లూ నిలవవు.

దొరకడం గురించి చెప్పాలి, ఎందుకంటే కష్టమంతా అక్కడే ఉంది. ఖతార్ తన భాగస్వామ్య సంస్థలకు ఇచ్చే అవార్డు సీట్లు, అంటే మైళ్లతో తీసుకునే సీట్లు, ఒక్కో విమానంలో ఒకటో రెండో ఉంటాయి, కొన్ని వారాల పాటు అసలు ఉండవు. ఖతార్ తన సొంత ప్రివిలేజ్ క్లబ్ సభ్యులకు చూపించే సీట్లన్నిటినీ ఆడ్వాంటేజ్‌కు చూపించదు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ బుకింగ్ క్యాలెండర్ ప్రయాణానికి 331 రోజుల ముందు తెరుచుకుంటుంది. ఆ పూట కూర్చుని వెతకడం, తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజున కంప్యూటర్ ముందు కూర్చోవడం లాంటిదే. తేడా ఏమిటంటే, ఇక్కడ పోయిన సీట్లు మళ్లీ కనిపించే అవకాశం ఉంటుంది. నా అనుభవంలో ప్రయాణానికి రెండు వారాల లోపు సీట్లు తిరిగి తెరుచుకోవడం తరచుగా జరుగుతుంది. అందుచేత నేను ముందుగా ఏదో ఒక తేదీకి దొరికినది పట్టుకుని, తరువాత మంచిది కనిపిస్తే మార్చుకుంటాను. ఆడ్వాంటేజ్ అవార్డు టికెట్టును విమానం బయలుదేరేలోపు రద్దు చేసుకుంటే మైళ్లు జరిమానా లేకుండా తిరిగి ఖాతాలో పడతాయి. ఈ ఒక్క సౌకర్యం లేకపోతే నేను ఈ పద్ధతిని ఎవరికీ సిఫారసు చేసి ఉండేవాడిని కాదు. బ్యాంకు పాయింట్లకు ఆ వెసులుబాటు లేదు. ఒకసారి విమాన సంస్థ ఖాతాలోకి మార్చినవి మళ్లీ వెనక్కి రావు. కనుక సీటు కళ్లముందు కనిపించాకనే పాయింట్లు కదపాలి.

ఆడ్వాంటేజ్ మైళ్లు లేనివారికి ఇంకో దారి ఏవియోస్ అనే పాయింట్లు. ఖతార్ 2022 మార్చి నుండి ఏవియోస్‌నే తన సొంత పాయింట్లుగా చేసుకుంది. చేజ్ బ్యాంకు కార్డు పాయింట్లను బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఖాతాకు, అక్కడి నుండి ఖతార్ ఖాతాకు ఒకటికి ఒకటిగా తరలించవచ్చు. అవే ఏవియోస్‌ను బ్రిటిష్ ఎయిర్‌వేస్ సొంత విమానాల్లో వాడితే సంస్థ విధించే అదనపు రుసుములు భారీగా ఉంటాయి కాబట్టి, లండన్ హీత్రూ మీదుగా హైదరాబాద్ వెళ్లే టికెట్టు చూసినప్పుడు పాయింట్ల అంకె ఒక్కటే చూసి మురిసిపోకూడదు.

ఇక క్యాబిన్. ఖతార్ 2017లో తెచ్చిన క్యూసూట్ అనే ఏర్పాటులో వరుసకు నాలుగే సీట్లు, ప్రతిదానికీ జరిపే తలుపు ఉంటుంది. గోడ నిలబడినవారి భుజాల ఎత్తు వరకే ఉన్నా, కూర్చున్నా పడుకున్నా పక్కవారు కనబడరు. కిటికీకి ఆనుకుని ఉండే 'ఏ', 'కే' అక్షరాల సీట్లు విమానం తోకవైపు ముఖం పెట్టి ఉంటాయి. పైకి లేచేటప్పుడు ఒంటి బరువు వెనక్కి కాక ముందుకు, బెల్టు మీదికి వాలుతుంది. నాకు అది రెండు నిమిషాల వింత మాత్రమే. తల తిరిగే స్వభావం ఉన్నవారు మాత్రం ముందువైపు చూసే సీటే ఎంచుకోవాలి. పడక చదునుగా పరుచుకుంటుంది, పైన వేసుకోవడానికి పలుచని పరుపు ఇస్తారు, రాత్రి విమానమైతే పైజమాలు కూడా ఇస్తారు. అయితే కాళ్ల దగ్గర గూడు సన్నబడుతుంది. పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకునే అలవాటు ఉన్న నాకు ప్రతిసారీ మోకాలు ఆ గూడు అంచుకు తగులుతుంది. ఇంకొక మాట, ఖతార్ విమానాలన్నిటిలోనూ క్యూసూట్ లేదు. బుక్ చేసేముందు సీట్ల పటం తెరిచి చూసుకోవడం అవసరం. హైదరాబాద్ ముక్కలో తలుపు లేని వేరే రకం సీటు వచ్చినా నాలుగు గంటల ప్రయాణానికి అది పెద్ద లోటు కాదు. దోహా–డాలస్‌కు అదే తేడా అయితే నేను తేదీ మార్చుకుంటాను.

భోజనం గురించి క్లుప్తంగా చెబుతాను. అడిగినప్పుడే పెడతారు, అందరికీ ఒకేసారి బండి రాదు. మెజ్జే అనే అరబ్బు చిరుతిళ్లు, కరక్ చాయ్ అనే చిక్కటి పాల టీ బాగుంటాయి, మిగతావి ఒకసారి ఉన్నట్టు మరొకసారి ఉండవు. దోహాలోని అల్ ముర్జాన్ లాంజ్‌లోకి అవార్డు టికెట్టుతో వచ్చినవారికీ ప్రవేశం ఉంటుంది. స్నానపు గదుల్లో వేడినీళ్లు పోసుకుని బట్టలు మార్చుకోగలగడం ఆ లాంజ్‌లోని మిగతా హంగులన్నిటికంటే నాకు విలువైనది.

పాయింట్లు అసలు ఎవరి మీద ఖర్చు పెట్టాలన్న విషయంలో నా అభిప్రాయం అమ్మానాన్నలు ఈ దారిలో ప్రయాణం చేశాకనే స్థిరపడింది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నాన్నగారికి షుగర్. తెనాలి నుండి శంషాబాద్‌కు కారులో వచ్చేసరికే సగం అలసట. ఆ పైన ఎకానమీలో అంతసేపు కూర్చుని డాలస్ చేరినప్పుడు అమ్మ పాదాలు వాచి చెప్పులు పట్టేవి కావు, వారం దాకా మామూలు మనిషి కాలేకపోయేది. కాళ్లు చాచుకుని వచ్చిన తరువాత దిగిన మర్నాడే వంటింట్లోకి వెళ్లి పోపు డబ్బా ఎక్కడుందని వెతికింది. నాన్నగారికైతే ఆకలి వేసినప్పుడు అడిగి తినగలగడం ఒక సదుపాయంలా కాక మందులా పనిచేసింది. ఇన్సులిన్ వేళను విమానం వారి భోజనం వేళకు సర్దుకునే అవస్థ తప్పింది.

అయితే పెద్దవాళ్లను ఒంటరిగా పంపేటప్పుడు ఈ సౌకర్యమే కొంత ఇబ్బంది కూడా. ఆ సీటులో బొమ్మలే ఉన్న మీటలు చాలా ఉంటాయి, ఏది నొక్కితే ఏది కదులుతుందో అమ్మకు అంతుబట్టలేదు. తలుపు మూసుకుని కూర్చుంటే ఎవరైనా వచ్చి చూస్తారో లేదో అని మొదటి ప్రయాణంలో తెరిచే ఉంచింది. అడిగితే తప్ప భోజనం రాదన్న సంగతి తెలియక చాలాసేపు మొహమాటంతో ఊరుకున్నారు. ఆ తరువాత నుండి నేను మధ్యలో జంటగా ఉండే 'ఈ', 'ఎఫ్' అక్షరాల సీట్లు తీసుకుంటున్నాను. వాటి మధ్య అడ్డుగోడ కిందికి దిగుతుంది, రెండు పడకలూ కలిసిపోతాయి, ఒకరికి తెలియనిది మరొకరు చూసి చెప్పుకుంటారు. పిలుపు మీట ఫోటోను నాన్నగారి ఫోన్‌లో పెడతాను. భోజనం ముందుగానే, కనీసం ఇరవైనాలుగు గంటల ముందు చెప్పి ఉంచుతాను. మామూలు రోజుల్లో ఏషియన్ వెజిటేరియన్ చాలు, కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టని అమ్మకు జైన్ మీల్ అని అడగాలి. బిజినెస్ క్లాస్ కదా అని వీల్‌చైర్ అడగడం మానకూడదు. దోహాలో గేట్ల మధ్య దూరం చాలా ఎక్కువ, డాలస్‌లో ఇమ్మిగ్రేషన్ వరుస దగ్గర సహాయకుడు ఉండడం మరీ అవసరం. లాంజ్ నుండి అమ్మ చేసిన ఫోన్ ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది: "ఏమిటేమిటో తెచ్చి పెట్టారురా, ఒక్కరూ డబ్బులు అడగలేదు. నువ్వు ముందే కట్టేశావా?"

సామాను సంగతి మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికా దారుల్లో బిజినెస్ క్లాస్‌కు మనిషికి రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 32 కిలోల వరకు. ఎకానమీలో 23 దాటితే కౌంటర్ దగ్గర పెట్టె విప్పి ఆవకాయ జాడీ ఉంచాలా, కందిపొడి ఉంచాలా అని తేల్చుకోవలసి వచ్చేది. ఆ పంచాయితీ ఇప్పుడు లేదు.

చిక్కులు లేకపోలేదు. విమాన సంస్థల ఇంకో కూటమికి చెందిన విమానంలో, మరో సంస్థ పాయింట్లతో తీసుకున్న టికెట్టు ఒకటి వేళలు మారడం వల్ల దెబ్బతింది. మొదటి విమానం ఆలస్యంగా మార్చారు, రెండోది అందదు. పాయింట్లు తీసుకున్నవారిని అడిగితే విమానం నడిపేవారు సీటు తెరవాలన్నారు, నడిపేవారిని అడిగితే టికెట్టు ఇచ్చినవారే మార్చాలన్నారు. పేర్లు చెప్పను కానీ, రెండు కాల్ సెంటర్ల మధ్య ఒక వారాంతం గడిచిపోయింది, చివరికి ఒక ముక్క ఎకానమీలో సర్దుకోవలసి వచ్చింది. డబ్బుతో, ఒకే సంస్థ దగ్గర కొన్న టికెట్టుకు ఈ బాధ తక్కువ. పెళ్లి ముహూర్తానికో, ఆసుపత్రి పనికో ఫలానా రోజుకు చేరి తీరాల్సినవారు పాయింట్ల టికెట్టు మీద ఆధారపడడం నేను సమర్థించను.

అలాగే నలుగురున్న కుటుంబానికి, బడి సెలవులకు కట్టుబడి, ఒకే విమానంలో ఒకేసారి నాలుగు అవార్డు సీట్లు దొరుకుతాయని ఆశపెట్టుకోవద్దు. నాకు ఒక్కసారి కూడా దొరకలేదు. ఇద్దరు ఒక రోజు, ఇద్దరు మరో రోజు వెళ్లడానికి సిద్ధపడితే కుదరవచ్చు. చిన్నపిల్లలకు ఎకానమీలో నిద్ర బాగానే పడుతుంది, వారి మీద 70,000 మైళ్లు పెట్టడం నా దృష్టిలో దుబారా.

మైళ్లు పోగేసి దాచుకోవడం కూడా నేను మానేశాను. పట్టికలోని అంకెను సంస్థ ఎప్పుడైనా పెంచవచ్చు, రెండేళ్లు ఖాతాలో ఏ కదలికా లేకపోతే ఉన్నవి కూడా రద్దవుతాయి. అందుకని ఇప్పుడు మా ఇంట్లో ఒక ఏర్పాటు చేసుకున్నాము. వేసవిలో పిల్లలతో ఊరికి వెళ్లేటప్పుడు మేమంతా ఎకానమీలోనే, డబ్బు పెట్టి కొన్న టికెట్టుతో వెళతాము. అమ్మానాన్నలు ఏప్రిల్ మొదట్లో రావడానికి, చలి మొదలవక ముందు అక్టోబరులో తిరిగి వెళ్లడానికి మైళ్లు వాడతాము. ఆ నెలల్లో రద్దీ తక్కువ, రెండు సీట్లే కావాలి, వారం అటూఇటూ అయినా వారికి అభ్యంతరం ఉండదు. వచ్చే ఏప్రిల్‌కు 'ఈ', 'ఎఫ్' సీట్లు ఇప్పటికే పట్టుకున్నాను, అక్టోబరు క్యాలెండర్ ఇంకా తెరుచుకోవలసి ఉంది.