పాత స్నానాల గదికి గాజు తలుపు: పక్కకు జరిగేది మేలా, తెరుచుకునేది మేలా?

పాత అపార్ట్‌మెంట్లలో స్నానాల గదిని బాగుచేయించుకుంటూ షవర్‌కు గాజు తలుపు పెట్టించాలనుకునేవారు ధరల కన్నా ముందు గోడను చూసుకోవాలి. పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ అంటించిన గోడకు పైనుంచి గుండు దారం వదిలితే, రెండు మీటర్ల ఎత్తులో ఒక సెంటీమీటరు తేడా కనిపించడం వింతేమీ కాదు. ఇక నేలకైతే, నీళ్లు జాలీ వైపు పోవాలి కనుక, వాలు ఉండే తీరుతుంది.

ఫ్రేమ్ లేకుండా బందుల మీద తెరుచుకునే తలుపు చూడముచ్చటగా ఉంటుంది కానీ, దాని బరువంతా ఆ వంకర గోడే మోయాలి. మిల్లీమీటరు మందం గల గాజు చదరపు మీటరుకు 2.5 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన 75 సెంటీమీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న తలుపు 37 కిలోలు దాటుతుంది. పై బందు, కింది బందు ఒకే నిలువు గీత మీద లేకపోతే ఆ తలుపు తనంతట తానే తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది. టైల్ వెనక డొల్లగా ఉంటే స్క్రూలు కొన్నాళ్లకు వదులవుతాయి. పైగా తలుపు తిరిగే దారిలో కమోడో వాష్‌బేసినో అడ్డం రాకుండా ఉండే గదులు పాత ఇళ్లలో తక్కువ.

పక్కకు జరిగే తలుపు పైపట్టాకు వేలాడుతుంది కనుక నేల వాలుతో నిమిత్తం లేకుండా ఆ పట్టాను మట్టంగా బిగించుకోవచ్చు. గోడ వంకర తలుపు అంచు దగ్గర సందుగా బయటపడుతుంది; అయితే గోడకు బిగించే అల్యూమినియం చట్రం లోతు ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాను కప్పేస్తుంది. బిగించేవారు తరచుగా టైల్స్ గీతను చూసి పట్టా పెట్టేస్తారు. ఆ గీతే వాలి ఉంటే తలుపు పల్లం వైపు దొర్లుతుంది కనుక, రసమట్టం (గాలి బుడగతో మట్టం చూపే పనిముట్టు) పెట్టి చూపించమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

దీనికీ లోపాలున్నాయి. బోరు నీటి ఉప్పు చక్రాల మీదా కింది గాడిలోనూ పేరుకుంటుంది, రెండు గాజులు కలిసే చోట గుడ్డ దూరదు, తెరిచినా సగం దారే దొరుకుతుంది. అందువల్ల నాలుగడుగుల లోపు వెడల్పులో, ముఖ్యంగా పెద్దవాళ్లున్న ఇంట్లో, కదలని ఒక గాజు పలకో, ఏమీ తోచకపోతే మామూలు కర్టెనో నయం. అంతకు మించిన చోటుంటే పాత గదికి జరిగే తలుపే నా ఎంపిక.

ఏది ఎంచుకున్నా, ఈ తలుపులకు వాడే టఫెన్డ్ (వేడితో గట్టిపరిచిన) గాజును తయారయ్యాక కోయడం కుదరదు కాబట్టి, టైల్స్ పని ముగిశాకే పైన, మధ్యలో, కింద మూడు చోట్లా వెడల్పు కొలిపించాలి. తేడా రెండు సెంటీమీటర్లు మించితే చట్రంతో సర్దుకోవాలని చూడకుండా, టైల్స్ తీయించి గోడను తూకానికి పూయించడమే దారి. ఆ ఖర్చుకు సిద్ధపడినవారు, చోటుంటే, బందుల తలుపునూ నిశ్చింతగా పెట్టించుకోవచ్చు.