సోమవారం నాథులా చూపిస్తానన్న మహానుభావుడు: ఛాంగు వెళ్లేవాళ్లు జాగ్రత్త

గ్యాంగ్‌టక్ ఎంజీ మార్గ్‌లో ట్రావెల్ కౌంటర్లు ఎలా ఉంటాయో వెళ్లినవాళ్లకి తెలుసు, ఆ సోదంతా వదిలేస్తున్నాను. ఛాంగు సరస్సు, చైనా సరిహద్దులో ఉండే నాథులా కనుమ కలిపి ఒక కౌంటరువాడితో మాట్లాడుకున్నాం. నాథులాకని విడిగా 3,000 ముందే ఫోన్‌పేలో కొట్టించుకున్నాడు. కొట్టిన తెలివైనవాణ్ని నేనే.

పోయిన మేలో ఫ్రెండ్స్‌తో వెళ్లాను. అప్పుడు నీలం నీళ్లు, ఒడ్డున అక్కడక్కడా ప్రిములా పూలు. అదే సరస్సు జనవరిలో గడ్డకట్టేస్తుందని ఊరించి ఊరించి ఈసారి అమ్మని తీసుకొచ్చాను.

సరస్సు మాత్రం మోసం చెయ్యలేదు. 12 వేల అడుగుల పైన, ఈ చివర నుంచి ఆ చివరకి తెల్లగా పరుచుకుని ఉంది. కొమ్ములకి రంగురంగుల ఊలు తొడిగిన జడలబర్రెలు. అద్దె గమ్‌బూట్లలో అమ్మ నాలుగడుగులు వేసి చిన్నపిల్లలా నవ్వింది.

టీ తాగి, "ఇక నాథులాకి పోదామా?" అన్నాను. డ్రైవరు నా మొహం వంక అదోలా చూశాడు. "ఇవాళ సోమవారం కదా సార్. సోమ, మంగళ నాథులా బంద్." పర్మిట్ తీసి చూపించాడు. ఛాంగు, బాబా మందిర్. అంతే. నాథులా ఊసే లేదు. అంటే ఆ కాగితం రాయించిన రోజే ఆ కౌంటరువాడికి తెలుసు!

మంచు పడి రోడ్డు మూసేస్తే నోరెత్తేవాణ్ని కాదు. చలికాలం అక్కడ అది మామూలే. వారం కూడా చూసుకోని నన్ననాలి. మేలో వెళ్లింది గురువారం కాబట్టి ఈ బంద్ సంగతే తెలీలేదు.

నాన్న ఆర్మీలో ఉండగా నాథులాలో చేశారు. అక్కడి జవాన్లకి ఇద్దామని అమ్మ పండక్కి చేసిన అరిసెలు స్టీలు డబ్బాలో పెట్టుకుని నర్సాపురం నుంచి మోసుకొచ్చింది. దారంతా డబ్బా ఒళ్లోనే. "ఇంకా ఎంత దూరంరా?" అంటే ఏం చెప్పమంటారు?

సాయంత్రం కౌంటరుకి వెళ్తే ఫోన్‌లోంచి తలెత్తలేదు. "వారం మీరు చూసుకోవాలి సార్. చదువుకున్నవాళ్లేగా." పక్కన అమ్మ నిలబడి ఉంది. కుర్చీ కూడా చూపించలేదు. డబ్బులడిగితే, "పర్మిట్ ఖర్చయిపోయింది" అన్నాడు. ఏ పర్మిట్ నాయనా, లేని పర్మిటా?

అరిసెలు సగం డ్రైవరుకి ఇచ్చేశాం. ఆ రోజంతట్లో నిజం చెప్పింది అతనొక్కడే.

వెళ్లేవాళ్లుంటే బుధవారం నుంచి ఆదివారం లోపు పెట్టుకోండి. బండెక్కకముందే పర్మిట్ చేతిలోకి తీసుకుని నాథులా అని ఉందో లేదో చదవండి. గడ్డకట్టిన సరస్సు కావాలంటే జనవరి, ఫిబ్రవరి. పూలు కావాలంటే మే, జూన్. డబ్బులు సగమే ఇవ్వండి, మిగతాది తిరిగొచ్చాక.