ఆకాశవాణి, దూరదర్శన్‌లను ఎవరి సొమ్ముతో నడపడం మేలు?

విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం 1963లో మొదలైంది. రేడియో తప్ప వేరే దిక్కులేని ఆ రోజులతో పోలిస్తే, చేతిలో ఫోను, కారులో ప్రైవేటు ఎఫ్ఎం, ఇంట్లో వందల ఛానళ్లు ఉన్న నేటి నగరంలో ప్రజల సొమ్ముతో నడిచే ప్రసార సంస్థ ఇంకా ఎందుకని అడిగేవారు పెరిగారు. అది అవసరమేనన్నది నా నిశ్చితాభిప్రాయం. తేలవలసింది దాని ఖర్చు ఏ దారిలో రావాలన్నదే. ప్రపంచంలో ప్రధానంగా నాలుగు దారులు కనిపిస్తాయి: ఇంటింటి రుసుము, ప్రభుత్వ బడ్జెటు, వాణిజ్య ప్రకటనలు, శ్రోతల విరాళాలు.

వీటిని తూచడానికి మన ఊరి అనుభవాన్నే కొలమానంగా తీసుకుంటాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖ వద్ద తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, సెల్‌ఫోన్లు పలకలేదు. అలాంటి వేళ బ్యాటరీతో నడిచే ట్రాన్సిస్టరుకు సెల్ టవరుతో గానీ ఇంటర్నెట్‌తో గానీ పని లేదు. అయితే అవతల ప్రసార కేంద్రంలో జనరేటరు, దానికి సరిపడా డీజిలు, రాత్రంతా డ్యూటీలో ఉండే ఇంజినీరు, సరైన సమాచారం సేకరించి చదివే మనిషి సిద్ధంగా ఉండాలి. తుపాను రాని 364 రోజులూ ఈ ఏర్పాటు దండగ ఖర్చుగానే కనిపిస్తుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు జనానికి ముందుగా కావలసింది ఎటువైపు వెళ్లాలో చెప్పే నమ్మకమైన గొంతు. లాభం తేని ఈ పనికి ఏ దారిలో వచ్చే డబ్బు నిలకడగా నిలుస్తుందో చూడాలి.

ముందుగా ఇంటింటి రుసుము. మన దేశంలోనూ ఒకప్పుడు రేడియోకు లైసెన్సు ఉండేది. ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టవలసి వచ్చేది. 1980ల మధ్యలో దాన్ని ఎత్తివేశారు. బ్రిటన్‌లో బీబీసీ ఇప్పటికీ ప్రధానంగా ఈ పద్ధతి మీదే ఆధారపడుతోంది. అక్కడి రుసుము 2025 ఏప్రిల్‌లో ఏడాదికి 174.50 పౌండ్లకు చేరింది. జర్మనీ 2013లో టీవీ ఉన్నా లేకపోయినా ప్రతి ఇంటికీ ఒకే రుసుము పెట్టి, దాన్ని 2021 నుంచి నెలకు 18.36 యూరోలుగా నిర్ణయించింది. జర్మన్ పద్ధతిలో నాకు నచ్చినది రుసుము కన్నా దాన్ని లెక్కగట్టే తీరు. 16 రాష్ట్రాలు ఒక్కొక్కరిని నియమించే స్వతంత్ర కమిషన్ ఆ సంస్థల అవసరాలను పరిశీలించి ఎంత కావాలో చెబుతుంది. ఒక రాష్ట్రం పెంపును అడ్డుకున్నప్పుడు, 2021లో రాజ్యాంగ న్యాయస్థానం జోక్యం చేసుకుని పెంపు అమలు కావాలని తీర్పు చెప్పింది. ఇదీ లోపం లేని పద్ధతేమీ కాదు: 2025 నుంచి 18.94 యూరోలకు పెంచాలని కమిషన్ సిఫారసు చేసినా ఆ జనవరిలో అది అమల్లోకి రాలేదు.

ఈ రుసుము మన దగ్గర చెల్లుతుందా? ఇటలీ 2016 నుంచి దీన్ని కరెంటు బిల్లులో కలిపి ఎగవేతను బాగా తగ్గించింది. ఇక్కడ ఈపీడీసీఎల్ బిల్లులో ట్రూ అప్ చార్జీల (పాత లోటు పేరిట తర్వాత వేసే అదనపు చార్జీల) వరుస చూసి విసుగెత్తిన కుటుంబాల మీద ఇంకొక పద్దు మోపడం న్యాయం కాదు. ఎంవీపీ కాలనీలోని మేడకూ పెద జాలరిపేటలోని ఒంటిగది ఇంటికీ ఒకే మొత్తం వేసే రుసుము పేదవాడికే ఎక్కువ భారమవుతుంది.

విరాళాల దారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అమెరికాలో 1967 నాటి చట్టంతో ఏర్పడి, ప్రభుత్వ నిధులను స్థానిక స్టేషన్లకు పంచే ప్రజా ప్రసార కార్పొరేషన్‌కు ముందే కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను 2025 జులైలో అక్కడి కాంగ్రెస్ రద్దు చేసింది. మరుసటి నెలలోనే ఆ సంస్థ మూతపడే ప్రక్రియ ప్రకటించింది. ఇక ఆ స్టేషన్లు ప్రధానంగా శ్రోతల చందాలనే నమ్ముకోవాలి. పెద్ద నగరాల స్టేషన్లకు చందాదారులు ఉంటారు గనుక అవి నిలదొక్కుకోగలవు. ఆ నిధుల మీదే బతికే పల్లె ప్రాంతాల స్టేషన్లకు ఆ ఆసరా లేదు. చందాలను నమ్ముకుంటే నగరంలోని సీతమ్మధారకు రేడియో మిగులుతుంది, మన్యంలోని చింతపల్లికి మిగలదు.

ప్రకటనలు మనకు కొత్త కాదు. వివిధ భారతిలో 1967 నుంచి, దూరదర్శన్‌లో 1976 నుంచి ఉన్నాయి. వీటికి తోడు, నెలవారీ చందా లేని డీడీ ఫ్రీ డిష్‌లో ప్రైవేటు ఛానళ్లకు స్థానాలు వేలం వేసి, ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే ప్రసార భారతి ఆదాయం తెచ్చుకుంటోంది. పేదవాడి ఇంటికి టీవీని ఉచితంగా చేరుస్తూనే ఆదాయమూ తెచ్చే ఈ ఏర్పాటు మెచ్చుకోదగినది. కానీ ప్రకటన కొనుగోలు శక్తిని వెతుక్కుంటూ పోతుంది. పాడేరు కొండల్లో పసుపు పండించే గిరిజన రైతు కోసం అతని భాషలో తయారైన కార్యక్రమానికి, వేటకు వెళ్లేముందు మత్స్యకారులు వినే వాతావరణ హెచ్చరికకు ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? ప్రకటనలు తోడ్పాటుగా ఉండవచ్చు. వాటినే ఆధారం చేసుకుంటే మొదట రద్దయ్యేవి ఈ కార్యక్రమాలే.

ఇక మిగిలింది బడ్జెటు. ఇప్పుడు మనం ప్రధానంగా నడుస్తున్న దారి ఇదే. 1990 నాటి ప్రసార భారతి చట్టం 1997లో అమల్లోకి వచ్చి సంస్థకు స్వయంప్రతిపత్తి ఇచ్చింది. జీతాలకు అయ్యే పెద్ద ఖర్చు మాత్రం నేటికీ కేంద్రం నుంచే రావాలి. 2023 జనవరిలో మౌలిక వసతుల కోసం 2,539.61 కోట్ల రూపాయల పథకానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ట్రాన్స్‌మిటర్లు, స్టూడియోలు బాగుపడటానికి ఇటువంటి సొమ్ము కావాలి, నేను కాదనను. పేదవాడి మీద విడిగా భారం పడకపోవడం ఈ దారిలోని గొప్ప మేలు. చిక్కంతా డబ్బిచ్చే చేయి గురించే. మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు వాతావరణం, ట్రాఫిక్, విపత్తులపై స్థానిక అధికారుల సమాచారం చెప్పవచ్చు గానీ సొంత వార్తలు చదవకూడదు; ఆకాశవాణి వార్తలను యథాతథంగా వినిపించడానికే వాటికి వీలుంది. అంటే రేడియో వార్తలకు ఉన్నది ఒకే గొంతు, దాని జీతం ఇచ్చేది ప్రభుత్వం. ప్రభుత్వ వైఫల్యాన్ని చెప్పవలసిన రోజున ఆ గొంతు తడబడకూడదంటే, వచ్చే ఏడాది నిధులు ఈ ఏడాది వార్తల మీద ఆధారపడని ఏర్పాటు ఉండాలి.

అందువల్ల నా మొగ్గు బడ్జెటుకే, కానీ ఏటేటా ఇచ్చే పద్దుకు కాదు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆస్తిని వాడుకున్నందుకు ఎఫ్ఎం స్టేషన్లు స్థూల ఆదాయంలో 4 శాతం కట్టాలన్న విధానం ఉంది; డీటీహెచ్ సంస్థల వాటాను 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 8 శాతంగా నిర్ణయించింది. ఇలా వచ్చే సొమ్ములో ఒక భాగాన్ని చట్టం ద్వారానే ప్రజా ప్రసారానికి కేటాయించి, ఎంత అవసరమో జర్మనీలో వలె స్వతంత్ర కమిషన్ అయిదేళ్లకోసారి నిర్ణయించాలి. జనం డీటీహెచ్ వదిలి ఇంటర్నెట్‌కు మళ్లుతున్న కొద్దీ ఈ ఆదాయం తరిగిపోతుంది గనుక, కమిషన్ చెప్పిన మొత్తానికి తగ్గిన లోటును బడ్జెటు పూడ్చాలని కూడా చట్టంలోనే రాయాలి.

ఆ నిధి ఢిల్లీలోనే ఆగిపోకుండా ప్రతి కేంద్రానికీ ఒక వాటా నేరుగా చేరాలి. విశాఖ కేంద్రానికి వచ్చే వాటాలో తొలి పద్దులు విపత్తు వేళ ప్రసారం ఆగకుండా ఉండేందుకు కావలసిన విద్యుత్ ఏర్పాట్లు, మన్యం భాషల కార్యక్రమాలు, ఏళ్ల తరబడి క్యాజువల్ అనౌన్సర్లుగానే మిగిలిపోతున్న వారి వేతనాలు కావాలి. ఆ లెక్కలను ఏటా తెలుగులో ప్రచురించి, సిరిపురంలోని కేంద్రానికి వెళ్లి అడిగిన శ్రోతకు చూపాలి.