మద్రాస్ నుంచి తిరుమల నడక: ఎక్కడ తినాలి, ఎక్కడ పడుకోవాలి, ఎక్కడ కాళ్లు చాపాలి

తమిళుల పెరటాసి నెల (సెప్టెంబరు–అక్టోబరు) దగ్గర పడిందంటే మా పెరంబూర్‌లో ఎదురుపడినవాళ్లంతా అడిగేది ఒకటే, ఈసారి ఊత్తుకోట మీదనా తిరుత్తణి మీదనా అని. నేను రెండు దారుల్లోనూ నడిచాను కాబట్టి నాకు తోచింది చెప్తాను. మొక్కుల గురించి, మహిమల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, నేను చెప్పేది తిండి, నిద్ర, నీడ, బాత్‌రూమ్ గురించే, ఎందుకంటే ఇంచుమించు 140 కిలోమీటర్లు నడిచే మనిషికి రోజంతా బుర్రలో తిరిగేవి అవే, కాదన్నవాళ్లు కార్లో వచ్చుంటారు.

ముందు తిరుత్తణి రోడ్డు. ఆవడి, తిరునిన్రవూర్, తిరువళ్ళూరు, కనకమ్మసత్రం, తిరుత్తణి, నగరి, పుత్తూరు. పెద్ద ఊళ్లన్నిట్లో రైల్వే స్టేషన్ ఉంది, ఎవరికైనా కాళ్లు ఎత్తేస్తే టికెట్ కొనిచ్చి రైలెక్కించేయొచ్చు, పెద్దవాళ్లని తీసుకెళ్లేటప్పుడు ఆ ధైర్యం చిన్నది కాదు. టిఫిన్ హోటళ్లకీ లాడ్జిలకీ కరువు లేదు. తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కథ నడిచేవాళ్లకి భలే నచ్చుతుంది, స్వామి ముసలాయన వేషంలో శాలిహోత్ర మహర్షి దగ్గరికి వచ్చి, ఆయన వండుకున్నది తినేసి, ఇక నేనెక్కడ పడుకోవాలి అని అడిగి ఆయన పర్ణశాలలోనే పడుకుండిపోయాడంట. సిటీ దాటి మొదటిసారి నడుం వాల్చేది చాలామందికి ఆ ఊళ్లోనే, మా పెద్దత్త అయితే గర్భగుడి ముందు నిలబడి, నీకేం స్వామీ హాయిగా పడుకున్నావు అని పైకే అనేసింది. తిరుత్తణిలో దేవస్థానం రూములు దొరికితే అదృష్టమే, కానీ ఆ సాయంత్రమే 365 మెట్లూ ఎక్కేద్దామనే సరదా వద్దు, కొండ మీదికి రోడ్డు ఉంది, ఆటోలో పోయి దండం పెట్టుకుని రండి.

ఈ దారితో నా గొడవంతా లారీలు. హైవే పక్కన తెల్లవారుజామున నడుస్తుంటే వెనక నుంచి వచ్చే గాలికి మనిషి ఊగిపోతాడు, రాత్రి ఏ మండపంలో పడుకున్నా హారన్ చెవిలోనే మోగుతుంటుంది. నిద్ర పట్టనివాళ్లు ఈ దారి పెట్టుకోకండి.

రెండోది రెడ్‌హిల్స్, జనప్పన్‌సత్రం, పెరియపాళయం, ఊత్తుకోట, నాగలాపురం, పిచ్చాటూరు, నారాయణవనం. పుత్తూరులో రెండు దారులూ కలుస్తాయి. నా ఓటు దీనికే. రెడ్‌హిల్స్ దాటేదాకా నరకమే, దుమ్ము, కంటైనర్ బళ్లు, నీడ అనేదే ఉండదు, ఆ ముక్క గురించి ఇంకేం చెప్పను, చీకట్లోనే దాటేయండి. జనప్పన్‌సత్రం దగ్గర హైవే వదిలి ఎడమకి తిరిగాక మాత్రం పొలాలు, చింతచెట్లు, పసుపు పంచెల గుంపులు, గోవింద నామాలు, అక్కణ్ణుంచి యాత్ర అనిపిస్తుంది.

పెరియపాళయంలో భవాని అమ్మవారి గుడి చుట్టూ పడుకోవడానికి చోట్లు చాలా ఉన్నాయి. మేము ఒక చిన్న కల్యాణమండపంలో తలకి ఇంత అని ఇచ్చి దిగాము. పైన హాలు, గచ్చు మీద జంపకానాలు, ఫ్యాన్లు తిరిగాయి, ముఖ్యంగా ఆడవాళ్లకి వేరే బాత్‌రూములు, లోపల గడియ ఉంది, బకెట్ ఉంది, మగ్గు కూడా ఉంది. నవ్వకండి, మగ్గు లేని లాడ్జిలు చూశాను నేను. దారిలోనే ఒక ఊళ్లో ఏసీ అని బోర్డు పెట్టి మామూలు రోజు రేటుకి రెండింతలు తీసుకుని, తెల్లారి మూడు గంటలకి నీళ్లు రాకపోతే మోటార్ వేసేవాడు ఏడింటికి వస్తాడు అని చెప్పి దుప్పటి కప్పుకున్నాడు ఆ రిసెప్షన్ అబ్బాయి. ఏడింటికి మేము పది కిలోమీటర్ల అవతల ఉండాలి మరి. అందుకే చెప్తున్నా, రూము చూసేటప్పుడు పరుపు నొక్కి చూడకండి, కొళాయి తిప్పి చూడండి.

మా రోజు ఎలా నడుస్తుందంటే, మూడున్నరకి లేచి బయల్దేరితే తొమ్మిది లోపల నడక ఆపేయాలి, మళ్లీ నాలుగు తర్వాతే. మధ్యలో వంట, స్నానం, నిద్ర. ఈ పగటి నిద్ర ఉంది చూశారూ, ఇంట్లో ఎప్పుడూ దొరకని సుఖం అది, పన్నెండింటికి కళ్లు మూసుకుంటే ఎవరూ లేపరు, కుక్కర్ విజిల్ లేదు, కొరియర్ వాడు లేడు. ఎండలో నడిచేద్దాం త్వరగా చేరుకుంటాం అనే హీరోలు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు, మాకు మా బావ. పెరటాసిలో మన వైపు వానలు ఇంకా గట్టిగా పట్టవు, పది దాటితే తారు కాలుతుంది, చెప్పుల్లేకుండా నడిచే పెద్దత్త రోడ్డు అంచున వేసిన తెల్ల గీత మీదే ఒక్కో అడుగూ పెట్టుకుంటూ వస్తోంది, ఆ గీత తారు అంత కాలదు. గీత చెరిగిపోయిన చోట ఆగి, పక్కన గడ్డి ఉందా అని చూసి, అప్పుడు దిగుతుంది. ఎందుకు పెద్దత్తా చెప్పులేసుకో అంటే, నీకేం తెలుసే, చెప్పులేసుకుంటే బొబ్బలొస్తాయి, వట్టికాళ్లకి రావు అంటుంది. షూస్‌లో బొబ్బలు తెచ్చుకున్నదాన్ని నేనే కాబట్టి నోరు మూసుకున్నాను.

దారి పొడుగునా శనివారాలు టెంట్లు వేసి పెడుతుంటారు, పులిహోర, పొంగలి, పెరుగన్నం, గుగ్గిళ్లు, పానకం. పులిహోర పొద్దున ఒకసారి అయితే బాగుంటుంది, మూడో టెంట్‌లో కూడా అదే అయితే కడుపులో మంట మొదలవుతుంది, నేను పెరుగన్నం తప్ప ఏదీ ముట్టను. ఊత్తుకోట ముందు ఒక టెంట్‌లో ఇచ్చిన మజ్జిగ మాత్రం మర్చిపోలేను. పెద్ద మట్టి కుండ, చుట్టూ తడి గోనె, అందులో పల్చటి మజ్జిగ, అల్లం దంచి వేశారు, కరివేపాకు తుంచి వేశారు, పచ్చిమిరప ముక్క పంటికింద పడకుండా గుడ్డలో వడగట్టారు. ఒకాయన గరిటెతో పైపైన కాకుండా అడుగునుంచి తిప్పి తిప్పి పోస్తున్నాడు, స్టీలు గ్లాసుల్లో, తాగాక మనమే పక్క బకెట్‌లో కడిగి పెట్టాలి. మిగతా టెంట్లవాళ్లు ఇది చూసి నేర్చుకుంటే బాగుండు, వాళ్ల పేపర్ కప్పులు మైలు పొడుగునా రోడ్డు పక్కన ఎగురుతున్నాయి, పుణ్యం ఎవరికో గాని చెత్త మాత్రం ఆ ఊరివాళ్లకి.

ఊత్తుకోట దాటగానే ఆంధ్ర, వెంటనే సురుటుపల్లి. ఎక్కడా లేని విధంగా శివుడు ఇక్కడ పడుకుని ఉంటాడు, హాలాహలం మింగాక తల తిరిగి పార్వతమ్మ ఒడిలో తల పెట్టుకుని వాలిపోయాడని కథ, పళ్ళికొండేశ్వరుడు అంటారు. నడిచి వచ్చి ఆ మూర్తి ముందు నిలబడితే ఎవరికైనా మోకాళ్లు వాటంతటవే మడుచుకుంటాయి. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, బయట చెట్ల కింద చోటు చూసుకుని అందరం అడ్డం పడ్డాం, మొత్తం దారిలో నాకు బాగా నిద్ర పట్టింది అక్కడే. ప్రదోషం రోజు అయితే మాత్రం మద్రాస్ అంతా అక్కడే ఉంటుంది, కాలు చాపడం కాదు కదా నిలబడడానికీ చోటు దొరకదు, క్యాలెండర్ చూసుకుని వెళ్లండి.

రాత్రికి నాగలాపురం. శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరు పెట్టిన ఊరు అంటారు, వేదనారాయణస్వామి గుడి పెద్దది, ప్రశాంతంగా ఉంటుంది, మత్స్యావతారం. ఊళ్లో బస సౌకర్యాలు అంతంతమాత్రమే. తెలిసినవాళ్ల చుట్టాలింటి వరండాలో పడుకున్నాం, ఆ ఇంటి పిన్నిగారు కట్టెలపొయ్యి మీద నీళ్లు కాచి, గుప్పెడు కల్లుప్పు, కాస్త పసుపు వేసి, ఒక ప్లాస్టిక్ టబ్ తెచ్చి నా ముందు పెట్టారు. మొదట మడమలు చురుక్కుమన్నాయి, తర్వాత వేళ్ల సందులు, ఆ తర్వాత ఒక నిమిషం ఏమీ తెలియలేదు, నీళ్లు చల్లారుతున్న కొద్దీ చెంబుతో వేడివి కలుపుతూ, ఇంకాసేపు పెట్టుకోండమ్మా, తొందరేముంది అంటున్నారు ఆవిడ. టబ్ ఒక్కటే, మేము చాలామంది, నా తర్వాత మా వదిన వంతు, నాకేమో లేవాలని లేదు. చివరికి వదిన వచ్చి నా పక్కనే కూర్చుని తన రెండు కాళ్లూ కూడా అందులోనే పెట్టేసింది.

పిచ్చాటూరు వైపు రోడ్డు బాగుంది, అరణియార్ డ్యామ్‌లో నీళ్లు ఉన్న ఏడాది అయితే గాలి కూడా చల్లగా ఉంటుంది. నారాయణవనం కచ్చితంగా ఆగాల్సిన చోటు, స్వామికి పద్మావతమ్మతో పెళ్లి జరిగింది ఇక్కడే కదా, కల్యాణ వెంకటేశ్వరుడి గుడిలో పెళ్లినాటిదని చెప్పే పెద్ద తిరగలి కూడా చూపిస్తారు. టీటీడీ గుడి, లోపల శుభ్రం, రద్దీ తక్కువ, తిరుమలలో తోసేస్తారు కాబట్టి తనివితీరా చూడాలనుకుంటే ఇక్కడే చూసుకోండి. పుత్తూరు చేరేసరికి బావ మోకాలు పట్టుకుని కుంటుతున్నాడు, ఎండలో నడిచిన ఫలం, విరిగిన ఎముకలకి కట్టు కట్టే ఊరు ఇదే కదా, కోడిగుడ్డు సొన పూసి కట్టు వేయిద్దామా అని అందరం ఏడిపించాం. తిరుపతి దాకా ఆయన మళ్లీ ఎండలో నడుద్దాం అనలేదు.

వడమాలపేట నుంచి తిరుచానూరు దాకా వానలో తడిశాం, చెప్పడానికి ఏమీ లేదు. అమ్మవారి దర్శనం త్వరగానే అయింది. తిరుపతిలో బస్ స్టాండ్ దగ్గర శ్రీనివాసం, స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, రెండూ టీటీడీవే, రూము దొరికితే రెండూ బాగుంటాయి, దొరకడమే కష్టం. దర్శనం టోకెన్ల పద్ధతి మారుతూ ఉంటుంది, బయల్దేరే ముందు టీటీడీ సైట్‌లో చూసుకోండి, పోయినేడు ఎవరో చెప్పింది నమ్మి రావద్దు.

అలిపిరిలో బ్యాగులు ఉచితంగా తీసుకుని పైకి పంపిస్తారు, టోకెన్ పోగొట్టుకోకుండా ఉంటే చాలు, నాకు తెలిసి ఇంత లాభసాటి సేవ ఇంకోటి లేదు. 3,550 మెట్లు. గాలిగోపురం దాకానే అసలు ఎక్కుడు, ఆ తర్వాత చాలాదూరం చదునుగా ఉంటుంది, చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ పీకుతుంది. అన్నమయ్య కూడా చిన్నప్పుడు అక్కడే అలిసిపోయి పడుకుండిపోతే అలమేలుమంగమ్మ వచ్చి ప్రసాదం పెట్టి లేపిందంటారు, కాబట్టి అక్కడ కూర్చున్నందుకు ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. శ్రీవారిమెట్టు 2,388 మెట్లే అని కొందరు అటు పోతారు, కానీ నిట్టనిలువు, పైగా శ్రీనివాసమంగాపురం వైపు ఇంకా నడవాలి, అప్పటికే ఇంత దూరం నడిచిన కాళ్లకి నేనైతే వద్దంటాను. పిల్లలుంటే పొద్దున్నే ఎక్కేయండి, 2023 ఆగస్టులో చిరుత దాడిలో చిన్నపాప చనిపోయాక 12 ఏళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 తర్వాత పంపకూడదని పెట్టారు.

పైన రూము కోసం క్యూలో నిలబడే ఓపిక లేకపోతే పీఏసీ హాళ్లు, అంటే యాత్రికులందరూ కలిసి పడుకునే టీటీడీ వసతి హాళ్లు, ఉన్నాయి, లాకర్ ఉచితం, చాప పరుచుకుంటే అయిపోయింది, బాత్‌రూములు వేళని బట్టి బాగుంటాయి, అర్ధరాత్రి దాటాక వెళ్లండి, ఖాళీ. వెంగమాంబ అన్నప్రసాద భవనంలో వేడన్నం, సాంబారు, రసం, మజ్జిగ, ఈమధ్య వడ కూడా వేస్తున్నారు, బల్ల మీద కూర్చుని తినొచ్చు, కాళ్లు మడవక్కర్లేదు, పెద్దత్త రెండోసారి వడ అడిగి మరీ వేయించుకుంది.

తిరుగు ప్రయాణానికి మద్రాస్‌లోని మాధవరం బస్టాండుకి బస్సులు చాలానే ఉన్నాయి గాని మోకాళ్లు ముందు సీటుకి తగులుతాయి, ఒకసారి చచ్చాం. సాయంత్రం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ ముందే చేయించుకోండి, లేచి అటూ ఇటూ తిరగొచ్చు.